ఐడా స్కడ్డర్: ఒకే రాత్రి ముగ్గురు తల్లుల మరణం.. వేలూరు సీఎంసీ వెనకున్న కథ ఇదే

వేలూరు సీఎంసీ అంటే తెలుగువాళ్లకి పరిచయం అక్కర్లేదు. చిత్తూరు దాటితే వచ్చేస్తుంది. పెద్ద జబ్బు అనగానే రాయవేలూరు తీసుకెళ్లండి అనే మాట మన ఇళ్లల్లో తరాలుగా ఉంది. మరి ఆ ఆస్పత్రిని మొదలుపెట్టిందెవరు?

ఆమె పేరు ఐడా స్కడ్డర్. 1870లో రాణిపేటలో పుట్టారు. అమెరికన్ మిషనరీ డాక్టర్ల కుటుంబం. కానీ ఐడాకి డాక్టర్ అవ్వాలని, ఇండియాలో ఉండాలని అస్సలు లేదు. చదువు కోసం అమెరికా వెళ్లి, తల్లికి ఒంట్లో బాగోలేదని తిరిగొచ్చారంతే.

అప్పుడే తిండివనంలో ఆ రాత్రి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగాళ్లు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పుల్లో ఉన్నారు. నాన్న డాక్టరే, పంపిస్తానని ఐడా చెప్పారు. మగ డాక్టర్ ముట్టుకోవడానికి వీల్లేదని ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఐడా మళ్లీ అమెరికా వెళ్లారు. ఈసారి మెడిసిన్ కోసం. 1899లో కార్నెల్‌లో డిగ్రీ తీసుకుని, 1900లో వేలూరు వచ్చారు. కొన్ని నెలలకే తండ్రి చనిపోయారు. ఇంట్లోని ఓ చిన్న గదే క్లినిక్. రెండేళ్లలో దాదాపు 5 వేల మందిని చూశారు. 1902లో ఆడవాళ్ల కోసం ఆస్పత్రి తెరుచుకుంది.

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. అసలు విషయం దీని తర్వాతే ఉంది. ఆపరేషన్ ఒక్కరు చేసేయొచ్చు. కానీ రాత్రంతా జ్వరం చూసేదెవరు? మందు కలిపి ఇచ్చేదెవరు? పుండు కడిగేదెవరు? అందుకే మెడికల్ కాలేజీ కంటే ముందే, 1909లో నర్సింగ్ స్కూల్ పెట్టారు. వారానికోసారి ఊళ్ల మీదకి వెళ్లేవాళ్లు. ముందు ఎద్దులబండి, తర్వాత కారు. చెట్టు కిందే వైద్యం. డాక్టర్ చూస్తే, నర్సు కట్టు కట్టేది, కాంపౌండర్ మందు ఇచ్చేవాడు. తర్వాత స్టూడెంట్స్ కూడా వెంట వెళ్లేవారు. ఎవరి పని ఎంత విలువైనదో అందరికీ కళ్లముందే కనిపించేది. ఈరోజు ఇంటర్ ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అని కోర్సులు పెట్టి నేర్పుతున్నది దాదాపుగా ఇదే.

1918లో అమ్మాయిల కోసం మెడికల్ స్కూల్ మొదలైంది. అప్లికేషన్లే రావని అధికారులు అనుకుంటే, తొలి ఏడాదే 151 వచ్చాయి.

అంతా సాఫీగా ఏం సాగలేదు. తర్వాత డిప్లొమా చాలదు, ఎంబీబీఎస్ స్థాయికి పెంచాల్సిందేనన్న నిబంధన వచ్చింది. లేదంటే మూతే. అప్పటికి ఐడాకి 70 ఏళ్లు దగ్గరపడ్డాయి. అబ్బాయిలనూ చేర్చుకుంటేనే కాలేజీ నిలబడుతుందని ఆమె ఒప్పుకుంటే, ఏళ్ల తరబడి విరాళాలు సేకరించి పెట్టినవాళ్లే ఎదురుతిరిగారు. అయినా తగ్గలేదు. 1942లో ఎంబీబీఎస్ వచ్చింది. 1946లో బీఎస్సీ నర్సింగ్ కూడా. దేశంలో ఆ డిగ్రీ మొదలైన తొలి చోట్లలో అదొకటి.

అదే ఏడాది ఐడా రిటైరయ్యారు. ఆ తర్వాత సీఎంసీకి తొలి భారతీయ డైరెక్టర్ అయింది డాక్టర్ హిల్డా లాజరస్. ఆమె పుట్టింది మన విశాఖపట్నంలోనే.

1960 మేలో, 89 ఏళ్ల వయసులో, కొడైకెనాల్‌లో ఐడా కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకి చేరిందని అంటారు.