టామ్ లాంగ్‌బోట్: పరుగుల ఆదివాసీ బిడ్డ

కెనడాలోని ఒనొండాగా తెగవారు టామ్ లాంగ్‌బోట్. తల్లిభాషను, ఆచారాలను మాన్పించే వసతి బడి నుంచి చిన్నప్పుడే పారిపోయారు. 1907లో బోస్టన్ మారథాన్ గెలిచారు. తర్వాత పరుగే వృత్తిగా పేరు, డబ్బు సంపాదించారు. కఠిన సాధన మధ్య విశ్రాంతి తీసుకుంటే పత్రికలు సోమరి అని రాశాయి. నేడు శిక్షకులు నేర్పుతున్నది ఆ పద్ధతే!

1916లో పందేలు వదిలి సైన్యంలో చేరారు. ఫ్రాన్స్ యుద్ధభూమిలో పరుగున సందేశాలు చేరవేశారు. చనిపోయారని ఇంటికి తప్పుడు కబురు వెళ్లినా, ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ తర్వాత టొరంటో నగర పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి కుటుంబాన్ని పోషించారు. 1949లో కన్నుమూశారు. 1951 నుంచి అక్కడి ఆదివాసీ క్రీడాకారులకు ఆయన పేరిట పురస్కారం ఇస్తున్నారు.

మన హాస్టల్ పిల్లలు చదువుతోపాటు తల్లిభాషనూ నిలుపుకోవడమే ఆయనకు అసలైన నివాళి.