ధర్మాసుపత్రిలో డబ్బు మంచం.. నై బేవన్ చేసుకున్న రాజీ

ఒకే ఆస్పత్రి. ఒకే డాక్టరు. ఒక రోగి ఉచిత వార్డులో చేరేందుకు నెలల తరబడి ఎదురు చూస్తుంటాడు. ఇంకొకరు డబ్బు కట్టి విడి గదిలో చేరి, ముందే ఆపరేషన్ చేయించుకుని వెళ్లిపోతారు. అందరికీ ప్రభుత్వమే వైద్యం ఇచ్చే చోట, పక్కనే ప్రైవేటు వైద్యాన్ని కూడా ఉండనివ్వాలా? బ్రిటన్‌ను 1948 నుంచి వదలని పేచీ ఇది. విచిత్రమేమిటంటే, ప్రభుత్వ ఆస్పత్రిలో ప్రైవేటుకు చోటిచ్చింది ఉచిత వైద్యాన్ని తెచ్చిన మంత్రే. ఆయన పేరు అన్యూరిన్ బేవన్. జనం నోట్లో నై బేవన్.

గని ఊరి బిడ్డ

బేవన్ 1897 నవంబర్ 15న వేల్స్ దక్షిణ ప్రాంతంలోని ట్రెడెగర్‌లో పుట్టారు. బొగ్గు, ఇనుము మీద బతికే ఊరు అది. ఆ ఊరున్న మన్మత్‌షైర్ సరిహద్దు జిల్లా. అది వేల్స్‌దా, ఇంగ్లండ్‌దా అన్న సందేహం 1970ల దాకా నడిచింది. తండ్రి డేవిడ్ గని కార్మికుడు. ఆయనకు వెల్ష్ భాషన్నా పాటన్నా ప్రాణం. పిల్లల చదువు, మాట మాత్రం ఇంగ్లీషులోకి మారిపోయాయి. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ కథ కొత్తేం కాదు.

పదిమంది సంతానంలో బేవన్ ఒకరు. అందరూ బతకలేదు. ఆయనకు చిన్నప్పటి నుంచీ నత్తి. పదమూడో ఏట బడి మాని గనిలోకి దిగారు. సాయంత్రాలు ఊరి కార్మికుల గ్రంథాలయంలో గడిపేవారు. తర్వాత యూనియన్ సాయంతో లండన్ వెళ్లి లేబర్ కాలేజీలో 1919 నుంచి రెండేళ్లు చదివారు. తిరిగొస్తే పని దొరకలేదు. 1925లో తండ్రి బొగ్గు ధూళి తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో కొడుకు చేతుల్లోనే ప్రాణం వదిలారు. ఆ జబ్బుకు అప్పట్లో నష్టపరిహారం ఇచ్చే చట్టమే లేదు.

జీతంలో మూడు పెన్నీలు

ట్రెడెగర్‌లో కార్మికులు నడుపుకునే ఒక వైద్య సహాయ సంఘం ఉండేది. సంపాదించిన ప్రతి పౌనుకు మూడు పెన్నీల చొప్పున జీతంలోంచి చందా కట్టేవారు. ఆ డబ్బుతో సంఘమే డాక్టర్లను జీతానికి పెట్టుకుంది. మందులు, పళ్ల వైద్యం, ఆస్పత్రి అన్నీ అందులోనే. ఊళ్లో దాదాపు అందరికీ ఆ సంఘమే ఆధారం.

మిగతా దేశంలో పరిస్థితి వేరు. 1911 నాటి బీమా చట్టం జీతం తెచ్చే కార్మికుడికి డాక్టరును చూపించింది తప్ప, అతని భార్యాపిల్లలను పట్టించుకోలేదు. ఇంట్లో ఆడమనిషికి జబ్బు చేస్తే డబ్బు చూసుకుని డాక్టరు గడప తొక్కాలి. బేవన్ ఊరి ఆస్పత్రి కమిటీలో పనిచేసి ఈ తేడాను దగ్గర్నుంచి చూశారు. 1929లో ఎబ్బూవేల్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. చనిపోయే దాకా ఆ సీటు ఆయనదే.

డాక్టర్లతో కుస్తీ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో లేబర్ పార్టీ గెలిచింది. ప్రధాని అట్లీ బేవన్‌ను ఆరోగ్య మంత్రిని చేశారు. అప్పటికి ఆయన వయసు 47. అంతకుముందు ఏ మంత్రి పదవీ చేసిన అనుభవం లేదు.

దేశంలో ఆస్పత్రులు రెండు రకాలు. కొన్ని మున్సిపాలిటీలవి, కొన్ని విరాళాల మీద నడిచేవి. రెండింటినీ కలిపి జాతీయం చేయాలన్నారు బేవన్. మున్సిపల్ ఆస్పత్రులను లాక్కోవద్దని కేబినెట్‌లోనే హెర్బర్ట్ మారిసన్ అడ్డుపడ్డారు. అయినా బేవన్ మాటే నెగ్గింది. 1946లో చట్టం వచ్చింది.

అసలు పోరు డాక్టర్లతో మొదలైంది. జీతగాళ్లుగా మారిపోతామని, సర్కారు చెప్పుచేతల్లో పడతామని వాళ్ల భయం. 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఓటింగ్ పెడితే, ఓటేసిన పది మందిలో దాదాపు తొమ్మిదిమంది చట్టం వద్దన్నారు. అమలుకు ఇంకా ఐదు నెలలు కూడా లేదు. డాక్టర్లు రాకపోతే చట్టం కాగితం మీదే మిగిలిపోతుంది.

బేవన్ వాళ్లను రెండుగా చూశారు. వీధి డాక్టర్లకు జీతం పద్ధతి రుద్దబోమని హామీ ఇచ్చారు. తమ జాబితాలో ఉన్న రోగుల లెక్కన వాళ్లకు సొమ్ము వస్తుంది. పెద్దాస్పత్రుల స్పెషలిస్టులకు ఇచ్చింది ఇంకా ఎక్కువ. వాళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో పార్ట్‌టైంగా చేయొచ్చు, మిగతా టైంలో ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవచ్చు. సర్కారు ఆస్పత్రిలోనే కొన్ని మంచాలు డబ్బు కట్టే రోగులకు కేటాయిస్తారు. స్పెషలిస్టుల పెద్ద లార్డ్ మోరాన్ ఈ బేరంలో మధ్యవర్తిగా నిలిచారు.

బేవన్ లెక్క సూటిగానే ఉంది. ప్రైవేటును పూర్తిగా నిషేధిస్తే పేరున్న సర్జన్లు బయట నర్సింగ్ హోంలు పెట్టుకుని వెళ్లిపోతారు. అప్పుడు మంచి వైద్యం ఉన్నోళ్లకు, మిగిలింది లేనోళ్లకు. అదే కప్పు కింద ఉంచితే పేద రోగికీ ఆ సర్జన్ చేయి అందుతుంది. లెక్క ఫలించింది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యేసరికి వీధి డాక్టర్లు కూడా ఎక్కువమంది చేరిపోయారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2,600కు పైగా ఆస్పత్రులు ఒక్కరోజులో ప్రభుత్వపరమయ్యాయి. కళ్లద్దాలు, కట్టుడు పళ్లు కూడా ఉచితమే.

మంత్రి పదవి వదిలి

మూడేళ్లు తిరక్కుండానే ఖర్చు లెక్కలు మొదలయ్యాయి. 1951లో కొరియా యుద్ధం కోసం ఆయుధాల బడ్జెట్ పెంచిన ఆర్థిక మంత్రి గేట్‌స్కెల్, కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు సగం ఖరీదు రోగే భరించాలన్నారు. అప్పటికి కార్మిక మంత్రిగా ఉన్న బేవన్ ఆ ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. తర్వాత ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ కూడా ఆయన వెంటే బయటికొచ్చారు.

మరుసటేడు రాసిన పుస్తకంలో బేవన్ తన రాజీని తానే తిరగేసి చూశారు. డబ్బు మంచాలు దుర్వినియోగం అవుతున్నాయని ఒప్పుకున్నారు. ఆ దుర్వినియోగాన్ని అదుపు చేయలేకపోతే వాటిని క్రమంగా తగ్గించి, చివరికి ఎత్తేయాలన్నారు. 1960 జూలై 6న కడుపు క్యాన్సర్‌తో 62వ ఏట కన్నుమూశారు. తాను తెచ్చిన సేవకు పన్నెండేళ్లు నిండిన మర్నాడది.

ఆయన పోయాక

పేచీ మాత్రం పోలేదు. 1974లో లండన్ చేరింగ్ క్రాస్ ఆస్పత్రి సిబ్బంది ప్రైవేటు రోగులకు పని చేయబోమని భీష్మించారు. అటు స్పెషలిస్టులూ ఆందోళనకు దిగారు. 1976లో లేబర్ ప్రభుత్వం డబ్బు మంచాలను దశలవారీగా ఎత్తేసే చట్టం తెచ్చింది. 1980లో థాచర్ ప్రభుత్వం దాన్ని తిరగతోడింది. ఈలోగా బయట ప్రైవేటు ఆస్పత్రులు పెరిగాయి. బేవన్ భయపడిందీ అదే.

మన దేశానికి వస్తే, బేవన్ చట్టం వచ్చిన 1946లోనే భోర్ కమిటీ ఢిల్లీలో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదంది. పూర్తి జీతం తీసుకునే సర్కారు డాక్టరు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదనీ చెప్పింది. బేవన్ కన్నా గట్టి మాట. అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ, తమిళనాడులో 2009లో కలైంజర్ బీమా, కర్ణాటకలో 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీ వచ్చాయి. బేవన్ ఆస్పత్రులనే సర్కారుపరం చేస్తే, ఇక్కడ సర్కారు సొమ్ము ప్రైవేటు ఆస్పత్రికీ వెళ్లింది.

ప్రైవేటు ఉండాలనేవాళ్లు బేవన్ 1948లో చేసింది చూపిస్తారు. వద్దనేవాళ్లు ఆయన 1952లో రాసింది చూపిస్తారు. డబ్బు కట్టిన రోగి మంచం ఎక్కితే, వరుసలో ఉన్న పేద రోగి ఇంకా వెనక్కి జరుగుతున్నాడా లేదా? తన రాజీని చివరికి ఆయన తూచింది ఈ తూకంతోనే.