జార్జ్ విల్హెల్మ్ స్టెల్లర్

జార్జ్ విల్హెల్మ్ స్టెల్లర్ (1709 మార్చి 10 - 1746 నవంబరు) 18వ శతాబ్దానికి చెందిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త, వైద్యుడు, యాత్రికుడు. రష్యా ప్రభుత్వం పంపిన రెండవ కమ్చట్కా యాత్రలో విటస్ బేరింగ్‌తో కలిసి ప్రయాణించి, అలాస్కా ప్రాంతపు ప్రకృతిని పరిశీలించిన తొలి ఐరోపా శాస్త్రవేత్తగా ప్రసిద్ధి చెందాడు. ఉత్తర పసిఫిక్ సముద్ర క్షీరదాల గురించి తొలి శాస్త్రీయ వర్ణన ఈయనదే. ఈయన పేరుతోనే పిలువబడుతున్న స్టెల్లర్ సముద్రపు ఆవును సజీవంగా చూసి వర్ణించిన ఏకైక ప్రకృతి శాస్త్రవేత్త కూడా ఈయనే. ఆ జంతువు శాస్త్రవేత్త కంటబడిన 27 సంవత్సరాలకే భూమిపై లేకుండా పోయింది.

ఈ వ్యాసంలో యాత్రకు సంబంధించిన తేదీలు ఆనాడు రష్యాలో అమలులో ఉన్న జూలియన్ కేలండరు ప్రకారం ఇవ్వబడినవి.

జననం, విద్యాభ్యాసం

స్టెల్లర్ జర్మనీలోని న్యూరెంబర్గ్ సమీపంలో ఉన్న విండ్స్‌హైమ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో సంగీత నిర్వాహకుడు. ఇంటిపేరు మొదట స్టొయెల్లర్. రష్యన్లకు పలకడానికి అనుకూలంగా ఉండాలని తరువాతి కాలంలో స్టెల్లర్ అని మార్చుకున్నాడు. 1729లో విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్ర విద్యార్థిగా చేరాడు. క్రమంగా ఆయన ఆసక్తి ప్రకృతి శాస్త్రాల వైపు మళ్ళింది. హాలె నగరంలో వైద్యం, శరీర నిర్మాణ శాస్త్రం అభ్యసించి, వృక్షశాస్త్రం బోధించాడు.

స్వదేశంలో తగిన ఉద్యోగం దొరకకపోవడంతో 1734లో డాన్జిగ్ రేవు చేరి, గాయపడిన రష్యన్ సైనికులను తీసుకువెళ్ళే ఓడలో వైద్యుడిగా సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళాడు. అక్కడ ఆర్చిబిషప్ థియోఫాన్ ప్రొకొపొవిచ్‌కు వైద్యుడిగా కుదిరాడు. 1737లో రష్యా విజ్ఞానశాస్త్ర అకాడమీ ఈయనను సహాయ శాస్త్రవేత్తగా నియమించి, కమ్చట్కా యాత్రకు ఎంపిక చేసింది. సైబీరియా పరిశోధకుడు మెస్సర్‌ష్మిట్ వితంతువైన బ్రిగిట్టాను ఈయన వివాహమాడాడు. భర్తతో బయలుదేరిన ఆమె మాస్కోలోనే ఆగిపోయింది. స్టెల్లర్ ఒంటరిగా సైబీరియా దాటి 1740లో కమ్చట్కా చేరాడు.

అమెరికా తీరానికి ప్రయాణం

1741 జూన్ 4న బేరింగ్ నాయకత్వంలో సెయింట్ పీటర్, చిరికోవ్ నాయకత్వంలో సెయింట్ పాల్ అనే రెండు ఓడలు కమ్చట్కా నుండి బయలుదేరాయి. స్టెల్లర్ సెయింట్ పీటర్‌లో ఉన్నాడు. కొద్ది రోజులలోనే పొగమంచు, గాలివానల వలన రెండు ఓడలూ విడిపోయాయి. జూలై 16న సెయింట్ ఎలియాస్ పర్వతం కనిపించింది. జూలై 20న మంచినీటి కోసం కాయక్ ద్వీపం వద్ద ఓడ ఆగింది. పట్టుబట్టి ఒడ్డుకు దిగిన స్టెల్లర్‌కు పరిశోధనకు లభించిన సమయం సుమారు పది గంటలు మాత్రమే.

ఆ కొద్ది వ్యవధిలోనే ఆయన అనేక మొక్కలను సేకరించాడు. స్థానికులు చేపలు దాచుకున్న నేలమాళిగను కనుగొన్నాడు. జుట్టు గల ఒక నీలిరంగు పక్షిని చూసి, అంతకు ముందు ఒక గ్రంథంలో చూసిన అమెరికా పక్షి బొమ్మతో పోల్చి, తాము చేరినది అమెరికాయేనని నిర్ధారించాడు. ఆ పక్షికి తరువాత స్టెల్లర్ జే అని పేరు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో నావికులకు స్కర్వీ వ్యాధి సోకింది. షుమాగిన్ దీవుల వద్ద స్టెల్లర్ వ్యాధిని తగ్గించే ఆకుకూరలు సేకరించి బేరింగ్‌తో సహా కొందరికి ఇవ్వగా వారికి గుణం కనిపించింది. అయితే మరిన్ని ఆకులు సేకరించడానికి మనుషులను ఇవ్వమన్న ఆయన కోరికనూ, నిలువ ఉప్పునీటి మడుగు నుండి తాగునీరు నింపవద్దన్న సలహానూ అధికారులు లెక్కచేయలేదు. విటమిన్-సి లోపమే స్కర్వీకి కారణమని ప్రపంచానికి తెలియడానికి ఇంకా రెండు శతాబ్దాలు పట్టింది.

బేరింగ్ ద్వీపంలో

1741 నవంబరులో ఓడ ఒక నిర్జన ద్వీపానికి చేరింది. అదే నేటి బేరింగ్ ద్వీపం. నావికులు ఇసుకలో గోతులు తవ్వుకొని తలదాచుకున్నారు. నవంబరు చివర తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకువచ్చి పాడైపోయింది. డిసెంబరు 8న బేరింగ్ మరణించాడు. యాత్రలో మొత్తం 30 మందికి పైగా చనిపోయారు. మిగిలినది 46 మంది. స్టెల్లర్ రోగులకు తాజా మాంసం, మంచు కింద నుండి తీసిన ఆకులు తినిపించి కోలుకునేలా చేశాడు. వారి ఆహారం ప్రధానంగా సముద్రపు నీటికుక్కలు, సీల్ జంతువులు. 1742 వేసవిలో సముద్రపు ఆవును పట్టడం నేర్చుకున్న తరువాత ఆహారానికి కొరత లేకపోయింది.

వడ్రంగులందరూ మరణించగా, అంతకు ముందు ఓడల నిర్మాణంలో కూలిగా పనిచేసిన సవ్వా స్టారోడుబ్‌ట్సెవ్ అనే కొసాక్ ఆధ్వర్యంలో పాత ఓడ చెక్కలతో చిన్న ఓడ కట్టారు. 1742 ఆగస్టు 13న బయలుదేరి ఆ నెలాఖరుకు కమ్చట్కా చేరారు. చోటు చాలనందున స్టెల్లర్ తాను సేకరించిన నమూనాలలో అధికభాగాన్ని ద్వీపంలోనే వదిలివేయవలసి వచ్చింది. నావికులు మాత్రం వందల సంఖ్యలో నీటికుక్కల చర్మాలు తెచ్చుకోగలిగారు.

సముద్ర క్షీరదాల పరిశీలన

ద్వీపంలో గడిపిన తొమ్మిది నెలలలో స్టెల్లర్ నాలుగు జంతువులను అధ్యయనం చేశాడు. అవి సముద్రపు ఆవు, ఉన్ని సీల్, సముద్ర సింహం, సముద్రపు నీటికుక్క. ఉన్ని సీల్‌లలో ఒక్కొక్క మగది అనేక ఆడవాటిని తన హద్దులో ఉంచుకొని కాపాడుకోవడం, ఇతర మగవాటితో పోరాడడం గమనించాడు. నీటికుక్క తల్లి వెల్లకిల తేలుతూ పిల్లను పొట్టపై ఉంచుకొని పెంచే విధానాన్ని వర్ణించాడు.

సముద్రపు ఆవు వీటన్నిటిలో ముఖ్యమైనది. 1742 జూలై 12న ఒక ఆడ జంతువును కోసి కొలతలు తీసుకున్నాడు. దాని పొడవు 296 అంగుళాలు, అనగా సుమారు ఏడున్నర మీటర్లు. నోటి నుండి మొదలయ్యే జీర్ణనాళం పొడవు సుమారు 150 మీటర్లు, శరీరానికి ఇరవై రెట్లు. అంత భారీ కళేబరాన్ని కదల్చడానికి ఆయన పొగాకు ఇచ్చి నావికులను కూలికి పెట్టుకున్నాడు. వాన, చలి ఒకవైపు బాధిస్తుండగా, ద్వీపంలోని నక్కలు ఆయన కాగితాలను, సిరాను సైతం ఎత్తుకుపోయేవి.

స్టెల్లర్ వర్ణన ప్రకారం ఈ జంతువు ముఖ్య లక్షణాలు:

- చర్మం మందంగా, నల్లగా, ముసలి ఓక్ చెట్టు బెరడులాగా ఉంటుంది.
- పళ్ళు లేవు. వాటి స్థానంలో ఆహారాన్ని నలిపే రెండు గట్టి పలకలు ఉంటాయి.
- ముందుకాళ్ళకు వేళ్ళ ఎముకలు లేవు. వెనుక కాళ్ళు లేవు. తోక తిమింగలం తోకలాగా చీలి ఉంటుంది.
- తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో కెల్ప్ అనే సముద్రపు నాచు మేస్తుంది. నాలుగైదు నిమిషాలకు ఒకసారి ముక్కు పైకెత్తి గాలి పీలుస్తుంది.
- మేసేటప్పుడు సగం శరీరం నీటిపైనే ఉంటుంది. సముద్రపు పక్షులు వీపుపై వాలి చర్మంలోని పరాన్న జీవులను ఏరుకు తింటాయి.
- మందలుగా తిరుగుతూ పిల్లలను మధ్యలో ఉంచి కాపాడుతుంది. చలికాలంలో పక్కటెముకలు కనిపించేంతగా చిక్కిపోతుంది.

వేటగాళ్ళు పడవలో వెళ్ళి పెద్ద ఇనుప కొక్కేన్ని జంతువుకు గుచ్చేవారు. దానికి కట్టిన తాడును ఒడ్డున సుమారు 30 మంది పట్టి లాగేవారు. చిక్కిన జంతువును విడిపించడానికి మందలోని ఇతర జంతువులు ప్రయత్నించేవని స్టెల్లర్ నమోదు చేశాడు. ఒక ఆడ జంతువును చంపగా దాని జత అయిన మగది వరుసగా రెండు రోజులు ఆ ఒడ్డు దగ్గరకు వచ్చిందని కూడా వ్రాశాడు. ఆ వేటలోని మాంసం తిని బ్రతికినవారిలో స్టెల్లర్ ఒకడు. అవి ఎంత సమృద్ధిగా ఉన్నాయంటే కమ్చట్కా ప్రజలందరినీ పోషించగలవని ఆయన అంచనా వేశాడు.

చివరి దశ

1742 తరువాత స్టెల్లర్ రెండేళ్ళు కమ్చట్కాలో పరిశోధన సాగించాడు. స్థానిక ఇటెల్మెన్ ప్రజల జీవన విధానాన్ని సానుభూతితో వ్రాశాడు. వారిపై అధికారుల దౌర్జన్యాలను ఎత్తిచూపాడు. నిర్బంధంలో ఉన్న కొందరు స్థానికులను విడిపించాడని ఈయనపై అభియోగం వచ్చింది. ఇర్కుట్స్క్‌లో విచారణ జరిగి నిర్దోషిగా తేలినప్పటికీ, ఆ తీర్పు రాజధానికి చేరక ముందే మరొక ఉత్తర్వు బయలుదేరింది. 1746లో సోలికామ్‌స్క్‌లో ఉండగా ఈయనను పట్టుకొని వెనుకకు తీసుకువెళ్ళారు. దారిలో విడుదల ఉత్తర్వు అందింది. మళ్ళీ పడమరకు ప్రయాణిస్తూ జ్వరం సోకి త్యుమెన్ పట్టణంలో 37వ ఏట మరణించాడు. తురా నది ఒడ్డున ఉన్న సమాధి తరువాత నదీ ప్రవాహంలో కొట్టుకుపోయింది.

సముద్ర జంతువులపై లాటిన్‌లో వ్రాసిన ఆయన గ్రంథం 1751లో, కమ్చట్కా వర్ణన 1774లో, యాత్రా దినచర్య 1793లో వెలువడ్డాయి. తన గ్రంథాలలో ఒక్కటి కూడా అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు కలగలేదు.

సముద్రపు ఆవు అంతరించిన తీరు

నావికులు తెచ్చిన నీటికుక్క చర్మాలకు మంచి ధర పలకడంతో 1743 నుండే వేటగాళ్ళ ఓడలు ఆ దీవులకు రాసాగాయి. అవి అక్కడ శీతాకాలం గడిపి, సముద్రపు ఆవు మాంసాన్ని నిలువ చేసుకొని అలాస్కా వైపు సాగిపోయేవి. గాయపడిన జంతువులలో చాలావరకు సముద్రంలోకి పోయి చనిపోయేవి కనుక తిన్నదానికంటే వృథా అయినదే ఎక్కువ. 1754 నాటికి పక్కనున్న మెద్నీ ద్వీపంలో ఇవి కనిపించకుండా పోయాయి. మరుసటి ఏడు యాకొవ్లెవ్ అనే గనుల నిపుణుడు ఈ వేటను అదుపు చేయవలసిందిగా కమ్చట్కా అధికారులకు విన్నవించాడు గానీ ఫలితం లేకపోయింది. చివరి జంతువును 1768లో చంపినట్లు చెబుతారు.

స్టెల్లర్ జీవితచరిత్ర వ్రాసిన లియొన్‌హార్డ్ స్టెయ్‌నెగర్ అంచనా ప్రకారం 1741లో ఇవి 1,500 కంటే తక్కువే ఉన్నాయి. శిలాజాలను బట్టి ఒకప్పుడు ఈ జాతి జపాను నుండి కాలిఫోర్నియా వరకు వ్యాపించి ఉండేదని తెలుస్తున్నది. మనిషి రాకకు చాలాకాలం ముందే వీటి సంఖ్య తగ్గనారంభించిందని 2021లో వెలువడిన జన్యు పరిశోధన సూచించింది. కనుక స్టెల్లర్ సమృద్ధి అని భావించినది ఒక జాతి చివరి శేషం మాత్రమే. ఒకేచోట మందలుగా కనిపించిన జంతువులు లోకంలో ఇంకెక్కడా లేవని అప్పుడు ఎవరూ ఊహించలేదు. నీటికుక్కల వేట వలన కూడా హాని జరిగి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. నీటికుక్కలు తగ్గితే అవి తినే సీ అర్చిన్‌లు పెరిగి, సముద్రపు ఆవు మేసే నాచును తినివేస్తాయి.

వారసత్వం

స్టెల్లర్ సముద్ర సింహం, స్టెల్లర్ సముద్రపు గ్రద్ద మొదలైన అనేక జీవులు ఈయన పేరుతో పిలువబడుతున్నాయి. ఈయన వర్ణించిన కళ్ళద్దాల నీటికాకి 1850 ప్రాంతంలో అంతరించింది. నీటికుక్క, ఉన్ని సీల్ కూడా అంతరించే దశకు చేరగా, 1911లో రష్యా, జపాన్, బ్రిటన్, అమెరికా చేసుకున్న ఒప్పందం వాటిని కాపాడింది. అలాస్కా పశ్చిమ ప్రాంతపు సముద్ర సింహాలను అమెరికా 1997లో ఆపదలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. కమాండర్ దీవులను రష్యా 1993లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2017లో బేరింగ్ ద్వీపం తీరాన, తల లేకపోయినా దాదాపు పూర్తిగా ఉన్న సముద్రపు ఆవు అస్థిపంజరం ఒకటి బయటపడింది.

సముద్రపు ఆవుకు అతి సమీప బంధువైన డుగాంగ్ ఇప్పటికీ జీవించి ఉన్నది. మన దేశంలో ఇది మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతం, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవుల తీరాలలో కొద్ది సంఖ్యలో కనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి మొదటి షెడ్యూలు రక్షణ కల్పించింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో సుమారు 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని డుగాంగ్ సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. స్టెల్లర్ చూసిన జంతువులాగే ఇదీ తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో మేస్తూ, నెమ్మదిగా సంతానాన్ని పెంచే జీవి. కనుక దాని సంరక్షణ విషయంలో సముద్రపు ఆవు చరిత్ర నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.