దూరాన్ని దగ్గర చేసిన మనిషి: జె.ఆర్.డి. టాటా

మాది సత్యవేడు. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుంటే మద్రాసు వైపు పోయే విమానాల దీపాలు కనపడేవి. అది ఏ ఊరినుంచి వస్తోందో, ఎన్ని గంటలు ఎగిరిందో అని నాలో నేనే లెక్కలు వేసేవాణ్ణి. ఆ లెక్కలే నన్ను జె.ఆర్.డి. టాటా జీవితం దగ్గరకు చేర్చాయి.

ఆయన 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తల్లి ఫ్రెంచి వనిత. ఇంగ్లీషు చానల్‌ను విమానంలో తొలిసారి దాటిన బ్లేరియో కుటుంబం వేసవి విడిదిలో వీళ్ళకు ఇరుగుపొరుగు. ఆ రెక్కల బండిని చూసిన పిల్లవాడికి ఇక వేరే ధ్యాస లేకపోయింది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు ఆయనకే దక్కింది.

భారత్, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా ఎగరాలని ఆగాఖాన్ బహుమతి పెట్టారు. ఈజిప్టులో ఎదురు దిక్కునుంచి వచ్చిన పోటీదారు ఆస్పీ ఇంజనీర్, స్పార్క్ ప్లగ్గు లేక చిక్కుపడి ఉన్నాడు. టాటా తన దగ్గరున్నది ఇచ్చేశారు. కొద్ది గంటల తేడాతో ఆ కుర్రవాడే గెలిచాడు! బహుమతి పోతే పోయింది, మనిషి మిగిలాడు.

1932 అక్టోబరు 15. కరాచీలో ఉదయం బయలుదేరి, అహ్మదాబాద్‌లో ఆగి, మధ్యాహ్నానికి బొంబాయిలో టపా దింపారు. సుమారు వెయ్యి కిలోమీటర్లు. విమానం వేగమేమో గంటకు నూట అరవై ప్రాంతం. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దుల బండి మీద! అక్కడినుంచి సహచరుడు నెవిల్ వింసెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. మ్యాపు మీద బళ్ళారి నుంచి మద్రాసుకు స్కేలు పెట్టి గీత గీశాను. సుమారు 425 కిలోమీటర్లు. గీత రాయచోటి పక్కగా వచ్చి, మన పుత్తూరు, నగరి కొండల మీదుగా దిగింది. ఆ గీత చూసి ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.

1948 జూన్ 8న ఆయన సంస్థ విమానం కైరో, జెనీవాల మీదుగా బొంబాయి నుంచి లండన్ వెళ్ళింది. 1960లో న్యూయార్క్ కూడా అందింది. ఓడలో వారాలు పట్టే దారి గంటల్లోకి వచ్చింది. 1953లో సంస్థ జాతీయమయినా ఛైర్మన్‌గా ఆయనే నడిపారు. 1978లో అప్పటి ప్రభుత్వం ఆయనను ఆ పదవినుంచి తప్పించింది. కన్నబిడ్డలా పెంచిన సంస్థ నుంచి అలా బయటికి రావడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కానీ 1982లో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పాతకాలపు చిన్న విమానమెక్కి కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ ఎగిరారు. పదవిని తీసేయగలరు గానీ రెక్కలను ఎవరు తీసేయగలరు?

1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. 2022 జనవరిలో ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. అది చూడడానికి ఆయన లేరు.

విద్యార్థి మిత్రులారా! రెండు ఊళ్ళ మధ్య దూరం నాడూ అంతే, నేడూ అంతే. తగ్గింది కాలం. అది ఊరికే తగ్గలేదు. ఆకాశంలో ఎగిరినవాడి తెగువ ఎంతో, కింద పెట్రోలు బండి తోలినవాడి చెమట కూడా అంతే ఉంది అందులో. రేపు మనలో ఎవరైనా దూరదేశాలకు విమానమెక్కితే, కిటికీలోంచి కిందికి చూసి ఆ ఎద్దుల బండిని ఒక్కసారి తలుచుకుందాం.