వంతుల లెక్క తెలిసిన విశ్వేశ్వరయ్య

బెంగళూరు కె.ఆర్. సర్కిల్‌లో ఎర్రదీపం వద్ద ఆగే వాహనాలకు సమీపంలోనే ఒక పాత ఇంజినీరింగ్ కళాశాల ఉన్నది. 1917లో దానిని నెలకొల్పినవారు నాటి మైసూరు దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన వాహనాలకు కాదు, నీటికి కాలం కట్టారు. అయినను రెండింటి లెక్కా వంతుల లెక్కే.

ఆయన పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుండి వలస వెళ్లినవారు. చిక్కబళ్లాపురం సమీపాన ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబంలో జన్మించిన విశ్వేశ్వరయ్య బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందారు. పూనాలో ఇంజినీరింగ్ ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

దక్కను కాలువల క్రింద ఎగువ రైతుకు నీరు మిక్కుటం, దిగువ రైతుకు కరవు. 1899లో ఆయన పొలాలను బ్లాకులుగా విభజించి, వంతుల వారీగా నీరిచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. తొలుత సందేహించిన రైతులు పిదప అంగీకరించారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టం దాటగానే అవే తెరుచుకొనేవి, తగ్గగానే మూసుకొనేవి.

1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తగా, నగర రక్షణకు జలాశయాలను సూచించినవారు ఆయనే. 1912లో మైసూరు దివాన్ అయ్యారు. కాని వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక వాటా ఇచ్చే విషయమై మహారాజుతో విభేదించి 1918లో ఆ పదవి నుండి వైదొలగారు. నీటికి వంతులు కట్టిన మేధావి కొలువులలో వంతులకు సమ్మతించలేదు.

నేటి సిగ్నళ్లలోనూ ఆ ప్రశ్నే ఉన్నది. గంటకు 36 కిలోమీటర్ల నిలకడ వేగంతో వెళ్లే వాహనం 400 మీటర్ల దూరాన్ని 40 సెకన్లలో దాటును. తరువాతి కూడలిలో అన్ని సెకన్ల వ్యత్యాసంతో పచ్చదీపం వెలిగితే అది ఎక్కడా ఆగనక్కరలేదు. వేగం పెంచినవాడికి మిగిలేది ఎర్రదీపమే. అయితే పెద్దదారికి దక్కిన ఆ సౌఖ్యం అడ్డదారిలో నిలిచినవారి నిరీక్షణ నుండి వచ్చినదే.

1955లో భారతరత్న అందుకున్న ఆయన 1962 ఏప్రిల్‌లో బెంగళూరులోనే కన్నుమూశారు. సెప్టెంబరు 15, ఆయన జన్మదినం, ఇంజినీర్ల దినోత్సవం. ప్రవాహాన్ని క్రమబద్ధం చేయుట లెక్కతో సాధ్యమే. ఎవరి వంతు ఎంతయన్నది మాత్రం లెక్క ఒక్కటే తేల్చగలిగినది కాదని ఆయన జీవితమే చెప్పుచున్నది.