రైలు కార్మికుల గిరి గారు

వి.వి.గిరి గారంటే మనలో చాలామందికి రాష్ట్రపతిగానే తెలుసు. నాకు మాత్రం ఆయన ముందుగా మనలాగే చదువుకోసం సముద్రాలు దాటిన తెలుగు కుర్రాడు. 1894లో బరంపురంలో పుట్టి, 1913లో లా చదవడానికి డబ్లిన్ చేరారు. యూనియన్‌ను వదలని వేలమంది కార్మికులను అక్కడి యజమానులు గేటు బయట నిలబెట్టిన సంవత్సరం అది. ఐరిష్ ఉద్యమంతో సంబంధాల వల్ల 1916లో దేశం విడవాల్సి వచ్చింది.

తిరిగొచ్చి రైల్వే కార్మికుల్లో కలిశారు. 1928లో బెంగాల్-నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతపై సమ్మె నడిపారు. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షులయ్యారు.

1952లో నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మికశాఖ మంత్రి. తగాదాలను ట్రిబ్యునళ్ళకు అప్పగించడం కన్నా యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. అయినా 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి రాజీనామా చేశారు. 'లే ఆఫ్' అంటే ఉలిక్కిపడే వృత్తిలో ఉన్నాను కాబోలు, రాష్ట్రపతి పదవికన్నా ఈ రాజీనామాయే నాకు పెద్దదనిపిస్తుంది.

1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె. ప్రభుత్వం వేలమందిని జైళ్ళలో పెట్టింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి గారే. ఆ కుర్చీలో ఉన్నవారికి మంత్రివర్గం సలహా దాటే వీల్లేదు, నిజమే. రాజీనామాకు మాత్రం వీలుంది. ఈసారి చేయలేదు. ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1980లో మద్రాసులో కన్నుమూశారు.