సాయం తీసుకెళ్తూ సముద్రంలో కలిసిపోయాడు.. ఎవరీ రాబర్టో క్లెమెంటే?

1972 డిసెంబర్ 31 రాత్రి. అంతా న్యూ ఇయర్ సంబరాల్లో ఉన్నారు. ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ నుంచి ఓ పాత కార్గో విమానం భూకంప బాధితులకు సరుకులతో బయల్దేరింది. టేకాఫ్ అయిన కాసేపటికే సముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురిలో ఒకరు బేస్‌బాల్ సూపర్‌స్టార్ రాబర్టో క్లెమెంటే. అప్పటికి వయసు 38 ఏళ్లే.

చెరకు తోటల పక్క నుంచి..

1934 ఆగస్టు 18న ప్యూర్టోరికోలోని కరోలినాలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఇతడే చిన్నోడు. తండ్రి చెరకు తోటల్లో కూలీలపై మేస్త్రీ. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ టీమ్ క్లెమెంటేని తీసుకుంది. కానీ కింది స్థాయి జట్టుకు పంపి, ఎక్కువగా బెంచ్ మీదే కూర్చోబెట్టింది. ఆ ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతడిని దక్కించుకుంది. 1955 నుంచి 18 సీజన్లూ ఆ ఒక్క జట్టుకే ఆడాడు.

పేరు కూడా మార్చేశారు!

క్లెమెంటే నల్లజాతీయుడు, మాతృభాష స్పానిష్. అప్పటి అమెరికాలో రెండువైపులా వివక్షే. కొందరు రిపోర్టర్లు అతడి ఇంగ్లిష్ యాసను ఉన్నదున్నట్టు అచ్చేసి ఎగతాళి చేశారు. బేస్‌బాల్ కార్డులపై రాబర్టోని కాస్తా 'బాబ్' చేసేశారు. అతను మాత్రం తన పేరు రాబర్టో అనే పట్టుబట్టాడు. 1971లో వరల్డ్ సిరీస్ గెలిచాక టీవీ కెమెరా ముందు తన తల్లిదండ్రుల ఆశీస్సులు కోరాడు. అదీ స్పానిష్‌లోనే!

ఆటలో తిరుగులేదు

నాలుగు బ్యాటింగ్ టైటిళ్లు, ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు 12, రెండు వరల్డ్ సిరీస్ విజయాలు (1960, 1971). 1966లో నేషనల్ లీగ్ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ కూడా అతడే. బంతిని కొట్టి సేఫ్‌గా బేస్ చేరితే దాన్ని హిట్ అంటారు. 1972 సెప్టెంబర్ 30న న్యూయార్క్ మెట్స్‌పై కెరీర్‌లో 3000వ హిట్ కొట్టాడు. రెగ్యులర్ సీజన్లలో అతడికి అదే ఆఖరిది.

తానే ఎందుకు వెళ్లాడు?

డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగ్వాని భూకంపం నేలమట్టం చేసింది. క్లెమెంటే విరాళాలు సేకరించి, సరుకులు పంపించాడు. కానీ అవి బాధితులకు అందకుండా పక్కదారి పడుతున్నాయని తెలిసింది. తాను పక్కనే ఉంటే ఎవరూ చెయ్యి వేయరనే నమ్మకంతో విమానం ఎక్కేశాడు. అది పరిమితికి మించిన బరువుతో ఉంది. క్లెమెంటే మృతదేహం దొరకనేలేదు. భార్య వెరా, ముగ్గురు కొడుకులు మిగిలారు.

రూల్ పక్కన పెట్టి మరీ..

మామూలుగా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు కోసం ఐదేళ్లు ఆగాలి. క్లెమెంటే కోసం ఆ రూల్‌ని పక్కన పెట్టి 1973లోనే చేర్చుకున్నారు. ఆ గౌరవం దక్కిన తొలి లాటిన్ అమెరికన్ ప్లేయర్ అతడే. ఇప్పటికీ సమాజ సేవలో ముందుండే ఆటగాడికి మేజర్ లీగ్ ఏటా ఇచ్చే అవార్డుకు అతడి పేరే ఉంది. బాబ్ క్లెమెంటే కాదు.. రాబర్టో క్లెమెంటే అవార్డ్!